నవ్వు మద్దతుగా మారే చోటు: ‘ఎర్ ఇస్ట్ వీడర్ డా’ చిత్ర సమీక్ష

1945 ఏప్రిల్ 30న బెర్లిన్ బంకర్‌లో ఆత్మహత్య చేసుకున్న అడోల్ఫ్ హిట్లర్, ఆ బంకర్ ఉండిన చోటనే 2014లో సైనిక దుస్తులతో కళ్లు తెరుస్తాడు. అతను ఎలా తిరిగి వచ్చాడో చిత్రం చివరిదాకా చెప్పదు. చెప్పకపోవడం లోటుగా కూడా అనిపించదు, ఎందుకంటే కథకు కావలసింది అతని రాక వెనుక ఉన్న మాయ కాదు, వచ్చిన తరువాత చుట్టూ ఉన్నవాళ్లు ఏం చేశారన్నది. ఎదురైన ప్రతి ఒక్కరూ అతన్ని పాత్రలోంచి బయటికి రాని గొప్ప హాస్యనటుడని అనుకుంటారు. అతను మాత్రం తానెవరో, తనకేం కావాలో ఎవరి దగ్గరా దాచడు. 116 నిమిషాల జర్మన్ చిత్రం ‘ఎర్ ఇస్ట్ వీడర్ డా’ మొత్తం ఈ ఒక్క అపార్థం మీదే నిలబడింది. 2015 అక్టోబరులో జర్మనీ థియేటర్లలో విడుదలైన ఈ చిత్రం, 2016 ఏప్రిల్‌లో నెట్‌ఫ్లిక్స్ ద్వారా ‘లుక్ హూజ్ బ్యాక్’ అన్న పేరుతో బయటి దేశాలకు చేరింది. చివరి అరగంటలో కొన్ని పెద్ద లోపాలు ఉన్నప్పటికీ, రాజకీయ హాస్యంలో ఆసక్తి ఉన్న ప్రతి తెలుగు ప్రేక్షకుడూ తప్పక చూడవలసిన చిత్రమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

వేరే కాలం నుంచో, వేరే లోకం నుంచో వచ్చినవాడు నేటి నగరంలో దిగి తికమకపడే కథలు మనకు కొత్త కాదు. చిత్రగుప్తుణ్ణి వెంటబెట్టుకుని భూలోకానికి వచ్చిన యముడు ఐస్‌క్రీము రుచి చూసి మురిసిపోవడం మన హాస్య చిత్రాలలో ఎంతగా స్థిరపడిందో అందరికీ తెలుసు. ఆ చిత్రాలలో నవ్వు ఎప్పుడూ వచ్చినవాడి అమాయకత్వం మీద పుడుతుంది. ఈ జర్మన్ చిత్రం కూడా మొదట ఆ దారిలోనే నడుస్తుంది. బ్రాండెన్‌బర్గ్ గేట్ దగ్గర పర్యాటకులు అతని పక్కన నిలబడి సెల్ఫీలు దిగడం, పత్రికల దుకాణంలో తేదీ చూసి అతను మూర్ఛపోవడం, కంప్యూటర్‌లో ఏది అడిగినా సమాధానం దొరుకుతుందని తెలిసి కళ్లు చెమర్చడం వంటి సన్నివేశాలు హాయిగానే నవ్విస్తాయి. తరువాత ఈ తికమక చాలా త్వరగా ముగిసిపోతుంది. అతను పత్రికలన్నీ చదువుతాడు, టెలివిజన్ చూస్తాడు, ఎవరు దేనికి కోపంగా ఉన్నారో గమనిస్తాడు. అక్కడి నుంచి అమాయకులు అతని చుట్టూ ఉన్నవాళ్లే. నవ్వు దిక్కు మారుతున్న ఆ మలుపును దర్శకుడు ఎక్కడా గీత గీసి చూపడు. కొంతసేపటికి మనం దేనికి నవ్వుతున్నామో మనమే వెనక్కి తిరిగి చూసుకోవలసి వస్తుంది.

దీనికి ప్రధాన కారణం ఒలివర్ మసూచి నటన. వియన్నాలోని బుర్గ్‌థియేటర్ రంగస్థలం మీద స్థిరపడిన ఈ నటుడికి అప్పటికి చిత్రాలలో పెద్దగా గుర్తింపు లేదు. తెలిసిన ముఖం అయితే ప్రేక్షకుడు నటుణ్ణి చూసి ఊరట పొందుతాడు. ఇక్కడ ఆ ఊరటకు అవకాశం ఉండదు. మసూచి అరుపులను చాలా పొదుపుగా వాడతాడు. ఎక్కువ సమయం అతని హిట్లర్ మర్యాదస్తుడు, ఓపికగా వినేవాడు, ఎదుటివారి కష్టానికి తల ఊపేవాడు. ఎవరైనా ఎగతాళి చేస్తే కోపగించుకోకుండా, ఆ ఎగతాళి ముగిసేదాకా ఆగి, తరువాత తన మాట చెబుతాడు. చాప్లిన్ మొదలుకొని ఎందరో నటులు ఈ మనిషిని ఊగిపోయే బొమ్మగా చూపించారు కాబట్టి మనం అతన్ని చూడగానే నవ్వడానికి సిద్ధంగా ఉంటాం. మసూచి మనకు ఆ నవ్వు దక్కనిస్తూనే, ఇటువంటి మనిషి మన వీధి అరుగు మీద కూర్చుంటే మనం కూడా కాసేపు మాట్లాడతామేమో అన్న అనుమానాన్ని మెల్లగా లోపల పెడతాడు.

చిత్రానికి ప్రాణం నేను అనుకోవడం దాని మధ్య భాగం. ఫాబియాన్ సావాట్స్కి అనే టెలివిజన్ ఉద్యోగి, సంస్థ అతన్ని తొలగించిన తరువాత, ఈ ‘వేషగాడి’ని తన భవిష్యత్తుకు మెట్టుగా భావించి, తల్లి పూల దుకాణపు వ్యానులో ఎక్కించుకుని జర్మనీ అంతా తిప్పుతాడు. కథ ఇంతవరకే కల్పితం. ఈ ప్రయాణంలో దర్శకుడు డేవిడ్ వ్నెంట్ తన నటుణ్ణి ఆ దుస్తులలోనే నిజమైన జనం మధ్యకు పంపి, ముందుగా రాయని సంభాషణలను చిత్రీకరించాడు. నియో-నాజీ ముఠాలో తిరిగే ఒక యువతి గురించి 2011లో చిత్రం తీసిన వ్నెంట్‌కు ఈ విషయం మీద అప్పటికే పట్టు ఉంది. అందుకే కెమెరా ముందు బహిరంగ నాజీలను వెతికి నిలబెట్టే తేలిక పని అతను చేయలేదు. అతని కెమెరా ముందుకు వచ్చినవాళ్లు టీ దుకాణాల దగ్గర, బస్టాండ్లలో మనం రోజూ చూసే మనుషుల వంటివారే: పింఛను తీసుకునే వృద్ధులు, చిన్న వ్యాపారులు, సెలవు గడపడానికి వచ్చిన కుటుంబాలు.

హిట్లర్ వేషంలోని మసూచి వాళ్లకు ఉపన్యాసం ఇవ్వడు. మీకేం ఇబ్బందిగా ఉంది, దేశంలో ఏం బాగాలేదు అని అడుగుతాడు. అంతే, వాళ్లే చెప్పుకుపోతారు. రాజకీయ నాయకులు వినడం లేదని ఒకరు, వలస వచ్చినవాళ్లు ఎక్కువైపోయారని మరొకరు, మన అభిప్రాయం పైకి చెప్పే స్వేచ్ఛ పోయిందని ఇంకొకరు. మొదట సరదాగా చేయి కలిపినవాళ్లు, రెండు నిమిషాలలో ఎదుట ఉన్నది ఎవరి వేషమో మరిచిపోయి, ఆ వేషానికే తమ మనసులోని మాట అప్పగిస్తారు. కొందరు కౌగిలించుకుంటారు, కొందరు చేయి ఎత్తి వందనం చేస్తారు. అభ్యంతరం చెప్పినవాళ్లూ ఉన్నారు గానీ వాళ్లు తక్కువ. ఈ సన్నివేశాలలో ఎవరూ మోసపోవడం లేదన్నది నన్ను అన్నిటికన్నా కదిలించింది. అతను తెలియనివాడు కాదు. చరిత్రలో అతనికన్నా తెలిసిన ముఖం మరొకటి లేదు. ఎదుటివాడు ఎవరో తెలిసి, అతను ఏం చేశాడో బడిలో చదువుకుని, అయినా తమ ఫిర్యాదు వినేవాడు దొరికాడన్న ఒక్క తృప్తితో వాళ్లు దగ్గరికి వస్తున్నారు. ఎంత గొప్ప రచయిత రాసినా ఈ సంభాషణలు అతిశయోక్తిగా తోచేవి. రాయనివి కాబట్టే వాటిని కాదనలేం.

టెలివిజన్ సంస్థ భాగం దీని తరువాత మొదలవుతుంది. కాట్యా రీమన్ పోషించిన బెలీని ఆ సంస్థకు కొత్త అధినేత్రి. ఆ పదవి తనకు దక్కలేదని రగిలిపోయే జెన్సెన్‌బ్రింక్‌గా క్రిస్టోఫ్ మరియా హెర్బ్స్ట్ నటించాడు. యూదుల విషయం హాస్యానికి తగినది కాదని బెలీని షరతు పెడితే, హిట్లర్ పూర్తి గంభీరంగా ఒప్పుకుంటాడు. ఇద్దరూ ఒకే వాక్యానికి తల ఊపుతారు, ఇద్దరి మనసులో ఉన్నవి పరస్పరం పొసగని అర్థాలు. నాకు తెలిసి ఈ చిత్రంలో ఇంతకన్నా పదునైన హాస్యం లేదు. అందులో నవ్వి ఊరుకోగలిగింది ఏమీ లేదు. స్టూడియోలో అతని మొదటి ప్రదర్శన కూడా శ్రద్ధగా చూడవలసిన సన్నివేశం. వేదిక ఎక్కి అతను మాట్లాడడు. ప్రేక్షకులు నవ్వి, గుసగుసలాడి, ఇబ్బందిపడి, చివరికి పూర్తిగా సద్దుమణిగేదాకా నిలబడతాడు. అసలు హిట్లర్ కూడా సభలలో ఇలాగే మౌనంతో మొదలుపెట్టేవాడని చరిత్రకారులు నమోదు చేశారు. ఆ మౌనం తరువాత అతను టెలివిజన్‌నే తిడతాడు, పేదరికం గురించి, నిరుద్యోగం గురించి మాట్లాడతాడు. అతను చెప్పిన వాటిలో చాలా మాటలు సరైనవే. సరైన మాటలు అతని నోట వినబడినప్పుడు ఏం చేయాలన్న ప్రశ్నకు స్టూడియోలోని వాళ్ల దగ్గర చప్పట్లు తప్ప మరో జవాబు లేదు.

బెలీనీ, జెన్సెన్‌బ్రింక్ పాత్రలను చాలామంది టెలివిజన్ పరిశ్రమ మీద వ్యంగ్యంగా మాత్రమే చూస్తారు. నాకు వాళ్లలో 1933 కనిపించింది. నాజీ పార్టీకి 1928 ఎన్నికలలో వచ్చింది 2.6 శాతం ఓట్లే. ఆర్థిక మాంద్యం తరువాత 1932 జులైలో అది 37.3 శాతానికి పెరిగి, అదే ఏడాది నవంబరులో 33.1 శాతానికి తగ్గింది. స్వేచ్ఛగా జరిగిన ఏ ఎన్నికలోనూ ఆ పార్టీకి మెజారిటీ రాలేదు. 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడంటే, ఫ్రాంజ్ ఫాన్ పాపెన్ వంటి సంప్రదాయవాద నాయకులు అతని జనాకర్షణను తమకు వాడుకోవచ్చుననీ, మంత్రివర్గంలో తమవాళ్లే ఎక్కువమంది కాబట్టి అతన్ని అదుపులో ఉంచవచ్చుననీ లెక్క వేసి, అధ్యక్షుడు హిండెన్‌బర్గ్‌ను ఒప్పించడం వల్లనే. రెండు నెలలు తిరగకముందే, మార్చి 23న, పార్లమెంటు తన శాసనాధికారాన్ని ప్రభుత్వానికి అప్పగించే చట్టాన్ని ఆమోదించింది. ప్రేక్షకుల సంఖ్య కోసం అతన్ని వేదిక ఎక్కించి, కావలసినప్పుడు దించివేయగలమనుకునే టెలివిజన్ అధికారులు ఆ పాపెన్ వర్గానికి నేటి రూపం. ఈ చిత్రంలో నేరం రెండు అంతస్తులలో జరుగుతుంది: కింద వీధిలో వినేవాడి కోసం ఎదురుచూసే జనం, పైన గాజు గదిలో ఆ జనాన్ని లెక్కపెట్టుకునేవాళ్లు.

ఈ కారణంగానే డాబా మీది పతాక సన్నివేశంలో హిట్లర్ చెప్పే వాదనతో నాకు కొంత పేచీ ఉంది. తన ఉద్దేశాలను దాచుకోని నాయకుణ్ణి ప్రజలే ఎన్నుకున్నారనీ, తాను వాళ్లందరిలోనూ ఒక భాగమనీ అతను సావాట్స్కితో అంటాడు. మాట బలంగా ఉంది, మసూచి దాన్ని గొప్పగా పలికాడు. అయితే చరిత్ర అంత సూటిగా లేదని పైన చెప్పిన అంకెలే తెలుపుతాయి. బాధ్యతంతా ఓటరు మీద వేయడం వల్ల, తలుపు తీసి లోపలికి పిలిచిన పెద్దమనుషులు తప్పించుకుపోతారు. చిత్రం తన టెలివిజన్ అధికారుల ద్వారా ఎంతో చక్కగా చూపిన సంగతిని తన ముగింపు సంభాషణలో తానే మరిచిపోయినట్టు ఉంది. ఆ మాటలు అన్నది హిట్లరే కాబట్టి వాటిని చిత్రం అభిప్రాయంగా తీసుకోనక్కరలేదని వాదించవచ్చు గానీ, సన్నివేశం తీసిన తీరులో ఆ ఎడం కనబడదు.

ప్రయాణంలో తనను కరిచిన ఒక చిన్న కుక్కను హిట్లర్ తుపాకీతో కాల్చి చంపుతాడు. ఆ వీడియో తరువాత బయటపడి దేశమంతా భగ్గుమంటుంది, టెలివిజన్ అతన్ని తొలగిస్తుంది. మనుషుల గురించి అతను అన్న మాటలకు చప్పట్లు కొట్టిన అదే ప్రేక్షకులు కుక్క కోసం కన్నీళ్లు పెట్టుకోవడాన్ని చిత్రం ఎంతో నిబ్బరంగా చూపుతుంది. ఆ కోపం కూడా ఎక్కువ రోజులు నిలవదు. అతను పుస్తకం రాస్తాడు, పుస్తకం బాగా అమ్ముడుపోతుంది, దాన్ని చిత్రంగా తీయడం మొదలవుతుంది.

ఇంత నవ్వు మధ్య చిత్రానికి నైతికమైన వెన్నెముకగా నిలిచింది ఒక్క సన్నివేశం. సంస్థలో పనిచేసే క్రోమయర్ అనే యువతి ఇంటికి సావాట్స్కి, హిట్లర్ వెళతారు. ఆమె అమ్మమ్మ వృద్ధాప్యంలో జ్ఞాపకశక్తి కోల్పోయింది, చుట్టూ ఉన్నవాళ్లనే సరిగా గుర్తుపట్టదు. అతన్ని మాత్రం చూసీ చూడగానే గుర్తుపడుతుంది. దేశంలో అందరూ వేషమనుకున్నదాన్ని నిజమని చెప్పిన మొదటి మనిషి ఆమె. అప్పుడు కూడా మొదట అందరూ నవ్వారని ఆమె అరుస్తుంది. ఆమె యూదు కుటుంబం ఎలా హతమైందో ఆ కోపంలోంచే బయటపడుతుంది. ఆ గదిలో నేపథ్య హాస్యం పూర్తిగా ఆగిపోతుంది. సావాట్స్కి ముఖంలో నవ్వు ఎలా పెట్టుకోవాలో తెలియని స్థితిని ఫాబియాన్ బుష్ చాలా నిజాయితీగా నటించాడు. ఈ సన్నివేశం రాకపోతే ఈ చిత్రాన్ని నేను ఎవరికీ సిఫార్సు చేసేవాణ్ణి కాదు. హంతకుణ్ణి గంటన్నరసేపు ఆకర్షణీయంగా చూపించిన చిత్రానికి, హతుల తరఫున ఒక్క గొంతైనా వినిపించవలసిన బాధ్యత ఉంది. ఆ గొంతు ఇంకా ముందే, ఇంకా ఎక్కువసేపు వినిపించి ఉండవలసిందని కూడా నా అభిప్రాయం.

లోపాలలో మొదటిది క్రోమయర్ పాత్రకు జరిగిన అన్యాయం. తిమూర్ వెర్మెస్ 2012లో రాసిన మూల నవలలో ఆమె హిట్లర్‌కు కార్యదర్శి. అతనితో రోజూ పనిచేసి, అభిమానం పెంచుకుని, తన అమ్మమ్మ కుటుంబం గతం తెలిశాక అతని ఎదుట నిలబడి ఇక పనిచేయలేనని చెప్పేది ఆమే. చిత్రం ఆమెను సావాట్స్కి ప్రేమించే అమ్మాయిగా తగ్గించి, ఆ నైతిక సంఘర్షణను అతని ఖాతాలో వేసింది. రెండవది జెన్సెన్‌బ్రింక్ చేత, హిట్లర్ బంకర్ చివరి రోజుల గురించి 2004లో వచ్చిన ప్రసిద్ధ జర్మన్ చిత్రంలోని కోపపు సన్నివేశాన్ని అనుకరింపజేయడం. దాని మీద ఇంటర్నెట్‌లో పుట్టిన వేల పేరడీలు తెలుగు యువతకు కూడా పరిచయమే, కాబట్టి నవ్వు వస్తుంది; అయితే కథ అక్కడ నిలిచిపోతుంది.

మూడవదీ నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దదీ చివరి అరగంటలోని నిర్మాణం. అప్పటిదాకా కల్పన, వాస్తవం అనే రెండు పొరలతో సాగిన చిత్రం, ఒక్కసారిగా చిత్రంలో చిత్రాన్ని తెచ్చి మూడో పొర కలుపుతుంది. డాబా మీద సావాట్స్కి అతన్ని కాల్చడం, కిందపడిన మనిషి వెనుక నుంచి మళ్లీ రావడం, ఇదంతా షూటింగ్ అని తేలడం, సావాట్స్కి నిజంగా మానసిక వైద్యశాలలో బందీగా ఉండటం వరుసగా వచ్చిపడతాయి. నిజం తెలిసినవాణ్ణి పిచ్చివాడిగా ముద్ర వేస్తారన్న ఊహ చాలా మంచిది. కానీ దాన్ని గ్రహించేలోపే ప్రేక్షకుడు ఏది కల, ఏది చిత్రీకరణ అని వెతుక్కునే పనిలో పడిపోతాడు. వీధిలో సామాన్యుడి ముఖం మీద కెమెరా నిలిపినప్పుడు కలిగిన కలవరం, ఈ తెలివైన అల్లికలో పలచబడిపోయింది.

వీధి సన్నివేశాల మీద కూడా ఒక ప్రశ్న అడగక తప్పదు. ఎవరు నటులో, ఎవరు దారినపోయేవారో చిత్రం అన్నిచోట్లా స్పష్టంగా చెప్పదు. కొందరి ముఖాలను మసకబరిచారు కాబట్టి వాళ్లు నిజమైనవాళ్లని మనమే ఊహించుకోవాలి. కూర్పులో పక్కన పెట్టిన గంటల సంభాషణలలో ఎందరు అతన్ని తిట్టి పంపారో మనకు చూపలేదు. సాక్ష్యం మీద నిలబడిన చిత్రం సాక్ష్యాన్ని ఎలా సేకరించిందో మరింత నిక్కచ్చిగా చెప్పి ఉంటే, దాన్ని కొట్టిపారేయాలనుకునేవారికి అవకాశం దొరికేది కాదు. ఈ అభ్యంతరం ఉన్నా, తెర మీద కనిపించిన ఆ ముఖాలు అబద్ధం కావు.

నవల చదవగలిగినవారు చిత్రం తరువాత దాన్ని చదవాలని నా సలహా. 2014లో జేమీ బులాక్ చేసిన ఆంగ్లానువాదం ఉంది. హిట్లర్ అధికారానికి వచ్చిన ఏడాదిని గుర్తు చేసేలా జర్మనీలో నవల ధరను 19.33 యూరోలుగా నిర్ణయించారు. తెల్లని అట్ట మీద నల్లటి జుట్టుపాయ, మీసం ఉండవలసిన చోట పుస్తకం పేరు. ముఖం గీయకుండానే ముఖం కనిపించే ఆ అట్టతో అది అక్కడ పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయింది. నవల ఆసాంతం ఉత్తమ పురుషలో, హిట్లర్ గొంతులోనే నడుస్తుంది. అతని తర్కంలో మనం ఇరుక్కుపోతాం, బయటికి చూసే కిటికీ ఉండదు. చిత్రానికి ఆ సౌకర్యం లేదు, దాని బదులు నిజమైన జర్మనీ ఉంది. నవలను మక్కికి మక్కిగా తెర మీదికి ఎక్కించకుండా, దృశ్యమాధ్యమం మాత్రమే చేయగల పనిని వెతుక్కున్న వ్నెంట్ నిర్ణయం మెచ్చుకోదగినది.

హిట్లర్ వంటి మనిషి మీద హాస్యం తగునా అన్న సందేహం పాతది. 1940లో అతన్ని ఎగతాళి చేస్తూ చిత్రం తీసిన చార్లీ చాప్లిన్, నిర్బంధ శిబిరాలలో జరిగిన ఘోరాలు అప్పుడే తెలిసి ఉంటే ఆ చిత్రం తీయగలిగేవాణ్ణి కాదని 1964 నాటి ఆత్మకథలో రాసుకున్నాడు. జర్మనీలో నాజీ చిహ్నాల ప్రదర్శన నేటికీ శిక్షార్హమైన నేరం. కళకు, పరిశోధనకు, బోధనకు మాత్రం చట్టం మినహాయింపు ఇస్తుంది. ఆ మినహాయింపును దుర్వినియోగం చేయకుండా వాడుకున్న చిత్రం ఇది. చాప్లిన్ సందేహానికి ఇది చెప్పే జవాబు ఏమిటంటే, ఘోరం అందరికీ తెలిసిన తరువాత నవ్వవలసింది నియంత మీసం మీద కాదు, తెలిసి కూడా అతని పక్కన ఫోటో దిగే మన అలవాటు మీద.

తెలుగువారికి ఈ చిత్రం అవసరమని నేను అనడానికి కారణం ఉంది. మన దగ్గర హిట్లర్ అన్న పేరుకు భయం లేదు, బరువు లేదు. కఠినంగా ఉండే తండ్రినీ, హెడ్మాస్టరునూ ముద్దుగా ఆ పేరుతోనే పిలుస్తాం. 1997లో చిరంజీవి కథానాయకుడిగా, చెల్లెళ్లను కట్టడిగా పెంచే అన్న కథతో వచ్చిన చిత్రానికీ అదే పేరు పెట్టుకున్నాం. హైదరాబాదులో ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల వరుసలో అతని ఆత్మకథ వ్యక్తిత్వ వికాస గ్రంథాల పక్కన కనిపిస్తుంది. జర్మనీలో బవేరియా రాష్ట్రం ఆ పుస్తకం కాపీహక్కును 2015 చివరిదాకా తన దగ్గరే ఉంచుకుని ముద్రణను ఆపింది. 2016 జనవరిలో మ్యూనిక్ చరిత్రకారులు దాన్ని వేల వ్యాఖ్యలతో, ప్రతి అబద్ధానికీ పక్కనే సమాధానం రాసి ప్రచురించారు. మన ఫుట్‌పాత్ ప్రతులలో అటువంటి వ్యాఖ్య దాదాపు ఉండదు. బ్రిటిష్‌వారికి శత్రువు కాబట్టి మనకు మిత్రుడన్న భావంతో దాన్ని కొనేవాళ్లు, అదే పుస్తకంలో అతను భారత స్వాతంత్ర్య పోరాటాన్ని చులకన చేసి, భారతదేశం మరెవరి చేతిలోనో కంటే ఇంగ్లండ్ ఏలుబడిలో ఉండటమే తనకు ఇష్టమని రాశాడని తెలుసుకోవాలి. దూరం వల్ల మనకు కలిగిన నిర్లక్ష్యం ఒక రకమైతే, అలవాటు వల్ల జర్మన్లకు కలిగినది మరో రకం. చిత్రంలో సెల్ఫీ దిగినవాళ్లను చూసి మనం తలలు ఆడించే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవడం న్యాయం.

ముగింపులో హిట్లర్, బెలీనీ పైకప్పు లేని కారులో బెర్లిన్ వీధుల వెంట వెళుతుంటే జనం చేతులు ఊపుతారు. వాటి మధ్య యూరప్‌లో అప్పుడు జరుగుతున్న వలస వ్యతిరేక ప్రదర్శనల వార్తా దృశ్యాలు వస్తాయి. వీటితో తన పని సాగుతుందని అతను అనుకుంటాడు. చిత్రం విడుదలైన శరత్కాలంలోనే లక్షలమంది శరణార్థులు జర్మనీకి చేరుతున్నారు. వలసను వ్యతిరేకించే ఏఎఫ్‌డీ పార్టీకి 2013లో వచ్చింది 4.7 శాతం ఓట్లు, పార్లమెంటులో స్థానమే దక్కలేదు. 2017లో అది 12.6 శాతంతో లోపలికి అడుగుపెట్టి, 2025 ఫిబ్రవరిలో 20.8 శాతంతో రెండో స్థానానికి చేరింది. ఏ పార్టీనీ నాజీ పార్టీతో సమానం చేయడం నా ఉద్దేశం కాదు, చిత్రం కూడా అంత తొందరపడదు. వ్యానులో తిరిగిన కెమెరాకు దొరికిన కోపం నటన కాదని తరువాతి పదేళ్లు చూపాయి, అంతవరకే నేను చెప్పగలను. ఇదే కథను ఇటలీవారు 2018లో ముస్సోలినీతో మళ్లీ తీశారు. మాస్సిమో పోపోలీజియో బాగానే నటించాడు గానీ, మూలాన్ని చూసినవారికి అందులో కొత్తగా దొరికేది తక్కువ.

చూసేవారు జర్మన్ శబ్దంతో, ఉపశీర్షికలతోనే చూడాలి. మసూచి గొంతు, మాట మధ్య అతను తీసుకునే విరామాలు డబ్బింగులో నిలవవు. పదో తరగతి దాటిన పిల్లలతో కలిసి చూడవచ్చు, చూడాలని కూడా అంటాను. అయితే 1932, 1933 సంవత్సరాలలో ఏం జరిగిందో ముందే వాళ్లకు ఒక పావుగంట చెప్పి కూర్చోబెట్టండి, ఎందుకంటే జర్మన్ ప్రేక్షకుడికి అది బడిలో నేర్చిన పాఠమని భావించి చిత్రం ఆ వివరాలను వదిలేసింది. అమ్మమ్మ సన్నివేశం ముగిశాక ఆపి, ఆమె కుటుంబం వంటి అరవై లక్షల మంది యూదులను చంపారని చెప్పి, మిగతా భాగం ఆ తరువాతనే చూపించండి.